చీటీ మీద చీటీ

సాన్ హూలియాన్ రేవులో గాలి
తలుపు తట్టదు, తోసుకునే వస్తుంది.
మ్యూజియంలో మూడో బీరువా అద్దం
ఏడాది పొడుగునా వణుకుతుంది.
లోపల ఒక మెడ ఎముక,
మూడు వేళ్ల పాదం ఒకటి,
వాటి ముందు
రొట్టెముక్కంత మందాన పేరుకున్న చీటీలు.

ఎర్మెలిందా కత్రిలేయో
ఆ అట్టను కెటిల్ ఆవిరి మీద పట్టుకుంది.
మాతే తాగడానికి కాచిన నీళ్లే,
జిగురు కరగడానికీ అవే.
కొత్త చీటీ రాయమని రాజధాని నుంచి ఉత్తరం.
పాతవి పారెయ్యమని అందులో లేదు,
ఉంచమనీ లేదు.

పై చీటీ ఊడింది. టైపు అక్షరాలు.
"లిటోప్టెర్నా. సాదా మడమల వంశం.
బతికున్న బంధువులు లేరు."
పక్కన ఎవరిదో పెన్సిల్ రాత: పాపం.

దాని కింద ఊదారంగు సిరా.
గొర్రెల లెక్కలు రాసిన చేత్తోనే
దోన్ ఎవారిస్తో ప్రిచర్డ్ రాసిన గుండ్రటి అక్షరాలు:
"ముక్కు రంధ్రం కళ్ల మధ్య, నెత్తి మీదికి ఉంది
కాబట్టి తొండం ఉండి తీరాలి."
తీరాలి కింద రెండు గీతలు.
ఆయన బతికున్నంత కాలం
ఊళ్లో బడిపిల్లలందరూ తొండంతోనే బొమ్మ వేశారు.
ఎర్మెలిందా తొండం చివర ఒక పువ్వు కూడా పెట్టింది.
పదికి ఏడు వచ్చాయి.
పువ్వుకు మూడు పోయాయి.

ఇంకా కిందది, పసుపు తేలిన కాగితం:
"ఒంటె, లేదా ఒంటె లాంటిది.
మెడలో నెత్తురు దారి ఒంటెకు మల్లే
ఎముక లోపలి నుంచే పోతుంది."
మెడ చూసి మురిసినవాడు
పాదం కేసి చూసినట్టు లేదు.

అట్టడుగున, అట్టలోకే ఇంకిపోయి,
"మాస్టడాన్?"
అక్షరాలు సగం చెరిగాయి,
ప్రశ్న గుర్తు మాత్రం చెక్కుచెదరలేదు.
ఓడ దిగి ఈ ఒడ్డున ఎర్రమట్టి తవ్విన కుర్రవాడు
మొదట ఏనుగు చుట్టమే అనుకున్నాడట.

చీటీలు మారాయి, పేరు మారలేదు.
మాక్రౌకేనియా పటకోనికా.
మనకు మల్లే ఇంటిపేరు ముందు.
పొడుగు లామా అని అర్థం.
లామా కాదని ఏనాడో తేలింది.
తేలినా తియ్యరు,
ముందు పెట్టిందే పేరని శాస్త్రం కట్టుబాటు.
ఇంటిపేరు కస్తూరివారని ఒకసారి రాశాక
ఇంట్లో ఏ కంపైనా కస్తూరే.

ఎర్మెలిందాకు నవ్వొచ్చింది.
వాళ్ల ఇంటిపేరుకు తెగిన ఏరని అర్థం.
తాత పేరు రాసుకున్న గుమాస్తా
పలకలేక చివర కోసేశాడు.
తెగిన ఏరు మళ్లీ తెగింది,
ఆ కాగితం మీదే ఆమెకు పింఛను వస్తుంది.

ఉత్తరంలో కొత్త సంగతి ఇది:
ఎక్కడో గుహలో, చలి దాచిపెట్టిన ఒక వేలి ఎముక.
దాని పొడిలోంచి లాగిన సన్నటి పోగు.
గుర్రం, ఖడ్గమృగం, టాపిర్,
వీళ్లంతా దగ్గరివాళ్లేనట.
విడిపడి ఆరున్నర కోట్ల ఏళ్లు.
ఇన్నాళ్లకు కలిసిన చుట్టరికం
ఎవరికి కబురు పెట్టాలి?

కిటికీ అవతల బల్దొమేరో గుర్రం
గాలికి వెన్నిచ్చి నిలబడి ఉంది.
ఆమె గుర్రాన్ని చూసింది, ఎముకను చూసింది,
మళ్లీ గుర్రాన్ని చూసింది.
ఏ పోలికా కనిపించలేదు.
నిజం చెప్పాలంటే
ఇప్పటికీ అది ఒంటె మెడే.

ఈ తీరానికి మొదటి మనుషులు వచ్చేనాటికి
ఇదింకా ఎక్కడో మేస్తూనే ఉంది.
ఏదో ఒకటి పిలిచే ఉంటారు,
తరమడానికైనా.
ఆ మాటకు చీటీ లేదు.

ఆమె రాయడం మొదలుపెట్టింది.
గుర్రాల వైపు చుట్టం, అని రాసింది.
తొండం దగ్గర కలం ఆగింది.
తెలియదు, అని రాసింది.
గీతలు గియ్యలేదు.

పాత చీటీలు ఖాళీ మాతే డబ్బాలో పడ్డాయి.
కొత్తదానికి జిగురు
నాలుగు మూలలకే పెట్టింది,
చిటికెన వేలితో, కొంచెం కొంచెంగా.