తోడు

చిత్తూరు నుంచి మందుల వ్యాను
మొగిలి ఘాటెక్కే చప్పుడు కోసం
పలమనేరు అవతల, ఈ కౌంటరు వెనక
చెవి పెట్టి కూర్చుంటాను.
వినపడదు. అంత దూరం. అయినా వింటాను.

ఫిట్సు మాత్రలకు ఇండెంటు పెట్టి రెండు నెలలు.
మొదటిసారి స్టోర్సులో స్టాకు లేదన్నారు,
రెండోసారి రోడ్డు మీదికి ఏనుగులు దిగాయన్నారు,
మూడోసారి ఏమీ అనలేదు.

"ఉండాయా సార్?"
"ల్యామ్మా. సోమారం రా."
టమాటా కోతకు పోయే పాపులమ్మ
పూట కూలి వదులుకుని
మూడు సోమవారాలు వచ్చింది.
ఆ మాట నా నోట్లో
చెల్లని నోటులా నలిగింది.

నాలుగో సోమవారం కూతురొచ్చింది.
"మాయమ్మ పొయ్యికాడ పడిపోయింది సార్,
చేతులు కాలినాయ."
కాలిన గాయాల మలాము మాత్రం
రెండు డబ్బాల నిండా ఉంది నా దగ్గర.
అడక్కుండానే పంపుతారు దాన్ని.
ట్యూబు మీద ట్యూబు ఇచ్చాను.
సంతకం పెట్టమంటే ఆ పిల్ల
ఇంటిపేరుతో సహా పూర్తి పేరు
గుండ్రంగా రాసింది.

ఆ రాత్రి గిన్నె అడుగు పెరుగు
వేలితో ఊడ్చుకోబోతే వనజ చెయ్యి పట్టుకుంది:
"తోడుకైనా మిగల్చవా?
రేపు ఎవరింటికి పోయి అడుక్కొచ్చేది?"

వేలు గిన్నెలోనే ఆగిపోయింది.

మర్నాడు బీరువా కింది అరకు
సుద్దముక్కతో ఒక గీత గీశాను.
గంగవరం మస్తాన్‌వలికి, బైరెడ్డిపల్లె సుగుణమణికి
ఫోను చేసి చెప్పాను.
మూడు బీరువాల్లో మూడు గీతలు.
ఒకరి పాలు విరిగితే ఇంకొకరు తోడివ్వాలి.
రిజిస్టరులో దీనికి గడి లేదు.
మార్జిన్లో పెన్సిలుతో రాసుకుంటాం:
తోడు, పది.
ఆడిటుకొచ్చినాయన కళ్ళద్దాలు పైకెత్తి
"ఇదేం మందయ్యా?" అన్నాడు.

వనజ చెప్పనిది ఒకటుంది.
తోడు ఉంచడమంటే
ఎదురుగా నిలబడ్డ మనిషికి,
బీరువాలో మాత్రలుండగానే,
సగమిచ్చి పంపడం.
నిన్న చెంగల్రాయుడికి ముప్పై ఇవ్వాల్సింది
పదిహేనే ఇచ్చాను.
అతను బీరువా వైపు చూశాడు.
నా వైపు చూశాడు.
మడిచిన చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.
తిట్టి ఉంటే నిద్ర పట్టేది.

ఈ సాయంత్రం ఆరింటి బస్సు
ఆగీ ఆగకుండానే కిటికీలోంచి
కండక్టరు ఒక పొట్లం నా చేతిలో పెట్టాడు.
పాత పేపరు, రెండు చుట్ల రబ్బరుబ్యాండు,
మీద సుగుణమణి పెన్సిలు రాత:
"పాపులమ్మకు."

ఇంజను పక్కన పెట్టుకొచ్చినట్టున్నాడు,
పొట్లం ఇంకా
గోరువెచ్చగా ఉంది.