పిడికిలి కొలత

దేవరకొండ డిపోల పదమూడేండ్ల సంది
నా ఎడమ చెయ్యి పైకే ఉంటది.
కుడి చేతిల టికెట్ మిషిను,
ఎడమ చేతిల బస్సు కడ్డీ.
కొండమల్లేపల్లి మలుపు కాడ
నూటపది మంది ఒక్కసారే నా మీద ఒరిగితే
ఆ కడ్డీయే నన్ను ఆపింది.
భుజాన్ని ఆపలే.

"ఏలాడాలమ్మా" అన్నది
నల్లగొండ దవాఖాన్ల ఫిజియో పిల్ల.
"రోజూ కడ్డీకి ఏలాడు. మెల్లమెల్లగ
పైకి గుంజుకునుడు గూడ నేర్చుకో."
నవ్వొచ్చింది నాకు.
ఇన్నేండ్లు నేను చేసిందేంది మరి?

ఎసొంటి కడ్డీ కొనాలె, యాడ పెట్టాలె?
మా నవనీత ఫోన్ల చూపించింది.
దర్వాజ నడుమ బిగిచ్చేదొకటి,
రెండు కొసలకు రబ్బరు టోపీలు,
ఎనిమిది వందల తొంభై తొమ్మిది.
లేచి పొయ్యి దర్వాజ మీద ఏలు మడిచి కొట్టిన.
ఖాళీ డబ్బా లెక్క మోగింది.
రంగు కింద చెదలు సంసారం చేస్తున్నయి.
కొక్కేలు తగిలిచ్చేదానికి పైన గట్టు కావాలెనట,
మా దర్వాజ పైన మామిడాకుల మేకు తప్ప ఇంకేం లేదు.
గోడకు బోల్టులు కొడదామంటే
ఇంటి ఓనరు బక్కయ్య సారు
క్యాలెండరు మేకుకే సంతకం తీసుకున్న మనిషి.
స్టాండుది ఆరువేల అయిదు వందలు.
అది లోపలికొస్తే మంచం బయటికి పోవాలె,
మంచంతోని లచ్చిరాం.
"పోత తియ్యి" అన్నడు, ముఖం ఫోన్లకెళ్ళి ఎత్తకుంట.

ఆఫ్ ఉన్న దినం పొద్దున
మౌలాలి వెల్డింగు దుకాణంకు పొయ్యిన.
"ఎవరికక్కా, పిలగాని మిల్ట్రీ సెలక్షన్లకా?"
నాకే అన్న.
కండ్లద్దాలు నొసటి మీదికి జరిపి
మల్లొకసారి చూసిండు. ఇంకేం అడగలే.
బండ మీద నాలుగు పైపులు పరిచిండు.
"కండ్లు మూస్కొని పట్టి చూడు,
తెరిస్తే ధర కనవడతది."

సన్నది ఏళ్ళ గణుపుల కాడ కొరికింది.
బోరు పైపు మరీ లావు,
బొటనేలు మిగిలిన ఏళ్ళను కలవలే.
మూడోది కొత్త స్టీలు,
చెమట తగలంగనే జారిపొయ్యే సొగసు.
నాలుగోదాని కాడ
చెయ్యి తనంతల తనే మూసుకున్నది.
నన్ను అడగలే.
కొంచెం వంగింది, ఒక తాన రంగు లేదు,
మస్తు చేతులు పట్టి పట్టి వచ్చిన నునుపు.

"ఇది యాడిది?"
"పాత బస్సుల తుక్కు, వేలంల తెచ్చిన."
కిలో లెక్కన తూచిండు. మూడు వందల అరువై, పట్టీలు వేరే.
ఏ రూటు బండిదో అడుగుదామని
నోటిదాక వచ్చింది.
డిండి నీళ్ళు చూసుకుంట పొయ్యిందో,
మన్ననూరు ఘాటు ఎక్కిందో,
ఏ ముసలామె దీన్ని పట్టుకొని
"ఆపు బిడ్డా, నా ఊరు దాటిపోతున్నది" అన్నదో.

ఇంటెన్క రెండు రాతి కడీలున్నయి,
ఓనరు నాయిన ద్రాక్ష పందిరికి పాతిచ్చినవి.
బోరు ఎండింది, తీగ పొయ్యింది, పందిరి పొయ్యింది.
ఇవి మాత్రం ఇంకేదన్న మోద్దామన్నట్టు నిలబడ్డయి.
రాయికి బెజ్జం పడకుంట
మౌలాలి పట్టీలు చుట్టి బిగిచ్చిండు.
బక్కయ్య సారు వచ్చి చుట్టూ తిరిగిండు.
"బట్టలారేస్కోను పనికొస్తది" అన్నడు.

రాత్రి, ఆఖరి ట్రిప్పు దిగి
ఖాకీ కోటు విప్పి,
కొంగు నడుముకు చెక్కి పట్టుకున్న.
పైకి గుంజుకుందామంటే మోచేతులు ఒప్పుకోలే.
సరే అని ఏలాడిన.
టికెట్లు లెక్కబెట్టినట్టే లెక్కబెట్టుకుంట,
పన్నెండు, పదమూడు.
బ్రేకు పడలే. మలుపు రాలే.
ఎవరి మోచెయ్యీ పక్కల గుచ్చలే.
కడ్డీ పట్టుకొని
ఎటూ ఒరగకుంట ఉండుడు
నాకు ఇదే మొదలు.

ఇరవై రెండుకు ఏళ్ళు ఇడిచిపెట్టినయి.
అరచేతుల తుప్పు వాసన.
మల్ల ఎక్కాల్నా వద్దా అని చూస్తుంటే
కిటికీలకెళ్ళి నవనీత అన్నది,
"రైట్, రైట్."