పదిహేడో ప్రశ్న

రెసిఫేలో వాన ఎటు నుంచైనా వస్తుంది.
ఈవేళ నది వైపు నుంచి వచ్చింది.
కాగితాలు తడవకుండా రొట్టెల కవరు చుట్టి
చెక్క వంతెన దాటాను,
మడ చెట్ల అంచున వాల్దెనీసి ఇంటికి.

ముప్పై ఒక్క ప్రశ్నలు. నలభై నిమిషాలు.
చివర్లో కానుకగా ఒక కొబ్బరి సబ్బు.
ముందే చెప్పాలి, చెప్పాను.
ఆమె ఆల్చిప్పలు ఒలుస్తోంది.
పక్కన అట్టపెట్టెలో ఐదు నెలల పిల్ల
తన కాలిని తానే కనిపెట్టిన గర్వంలో ఉంది.

ముర్రుపాలు పట్టారా?
పట్టాను.
మొదటి గంటలోనేనా?
గడియారం ఎవరు చూశారమ్మా.
నీళ్లు, తేనె, ఇంకేమైనా?
వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది:
"మా అత్త ఒక చెంచా సోంపు నీళ్లు పోసింది.
రాయకు. ఆమె మంచిది."
రాయాలి. రాశాను.
సోంపు నీళ్లకి గడి ఉంది.
ఆమె మంచిదన్న మాటకి లేదు.

పదిహేడు.
మానేద్దామని ఎప్పుడైనా అనిపించిందా? ఎందుకు?
పాలు చాలక. పనికి వెళ్లి. నొప్పి. ఇతరం.

చాకు ఆగింది.
"తొమ్మిదో రోజు.
చీలి నెత్తురొచ్చింది. దాని పెదాలు ఎర్రగా చూసి
అరిచింది నేను, అది కాదు.
నా చేతుల కంపు పాలకీ పట్టిందని వాళ్లూ వీళ్లూ.
పాల డబ్బా తెస్తానని వెళ్లాడు ఎదివాన్.
వట్టి చేతుల్తో వచ్చాడు."

డబ్బుల్లేకనా?

"కాదు."
తలుపు దగ్గర నుంచి అతనే.
అంతసేపూ అక్కడే ఉన్నాడని నేను చూడలేదు.
నా కాగితాల్లోనూ అతనికి ఒకటే ప్రశ్న,
నెలకెంత వస్తుందని.

దుకాణం దాకా వెళ్లి
వెనక్కి తిరిగి హెల్త్ పోస్టు తలుపు కొట్టాడట.
డ్యూటీ దిగుతున్న ఇరనైడి
ఆ చెప్పులతోనే వచ్చింది.
పాఠమేమీ చెప్పలేదు.
వాల్దెనీసి వెనక నేలమీద చతికిలబడి
వీపుకి వీపు ఆనించింది.
ఒళ్లు ఒదులు చెయ్, నేను మోస్తాను, అంది.
చాలాసేపటికి:
ఇప్పుడు పిల్లని దగ్గరికి తీసుకో.
గడ్డం ముందు తగలనీ.
ఉష్, వినండి.

గుటక.

ఎదివాన్ గోడమీది గ్యాసు కంపెనీ క్యాలెండరు దించాడు.
ఇరనైడి వెళ్లాక ఆ చోట అతను కూర్చున్నాడు.
టార్చి పళ్ల మధ్య పట్టుకుని
గుటక వినబడినప్పుడల్లా ఒక గీత.
ఏడు రాత్రులు. తేదీలు కనబడకుండా గీతలు.
పదమూడు మాత్రం ఖాళీ.
"నిద్రపోయాను," అన్నాడు
దొంగతనం ఒప్పుకున్నట్టు.

నా కొడుక్కి నేను పద్దెనిమిదో రోజున మానేశాను.
పందొమ్మిదేళ్లయింది.
పాలు చాలక, అని చెప్పుకుంటూ వచ్చాను.
గుటకలు వినిపిస్తాయని
నాకెవరూ చెప్పలేదు.

కాగితం వెనక్కి తిప్పి పెన్సిలుతో లెక్క దించాను:
రెండు వేల నూట నాలుగు.
ఆఫీసు కంప్యూటరు వెనక వైపు చదవదు, తెలుసు.
"ఇతరం" గడిలో ఒక్క మాటే పడుతుంది.
వీపు, అని రాశాను.
రేపు సూపర్వైజరు ఫోన్ చేస్తుంది,
నడుం నొప్పా, అని.

పిల్ల ఇంకా ఏడవనే లేదు,
వాల్దెనీసి బనీను మీద రెండు తడి మచ్చలు.
"చేపుకొచ్చింది," అని నవ్వి
నిమ్మ తొక్కతో చేతులు రుద్దుకోవడానికి లేచింది.

సబ్బు ఇవ్వలేదని వంతెన మీద గుర్తొచ్చింది.
వెనక్కి నడిచాను. తలుపు తీసే ఉంది.
లోపల అతని వీపు, ఆమె వీపు,
మధ్య ఆల్చిప్పంత సందు కూడా లేదు.
పిలవలేదు.
గడప మీద, చూరు నీళ్లు పడని వైపు,
సబ్బు పెట్టి వచ్చాను.