రెండో పంకా

నడి ఏట్ల, పంటి కింద రాయి పడ్డట్టు
మోటరు కటుక్కుమన్నది.
ఆ తర్వాత పడవకు చలిజ్వరం.
తొమ్మిది మంది, రెండు మేకలు, ఒక కుట్టుమిషను,
అందరం ఒక్కతీరుగ ఒణికినం.

షాఫ్టు పైకి లేపి చూసిన.
మూడు రెక్కల్ల ఒకటి మడిచిన తమలపాకు,
ఒకటి కొస లేదు,
మూడోదానికి గీత గూడ పడలేదు.
దాన్ని చూస్తేనే ఎక్కువ కోపమొచ్చింది.

ఏం తగిలిందో నాకు ఎరికే.
సోమశిల రేవు దాటినంక, ఎడమ దిక్కు,
నీళ్లు నిండుగున్నప్పుడు ఆరు నిలువుల లోతుల
పాత ఊరి పిండిగిర్ని ఉంటది.
ఎండాకాలం మట్టం దిగితే మూరెడు లోతు.
ఊరు మునిగే ముందట
తలుపులు, దూలాలు, గడపకు కొట్టిన లాడం గూడ
బండ్లకెత్తుకొని పోయిన్రు గని
ఇంజను కింద పోసిన సిమెంటు దిమ్మెను ఎవరు లేపుతరు?
మా నాయిన ఆ దిమ్మె మీద కూసొనే
సద్ది తినెటోడంట.
నేను నీళ్లొచ్చినంక పుట్టిన.

తెడ్లేసుకుంట ఒడ్డుకొచ్చేసరికి పొద్దు గూకింది.
మేకలాయన కిరాయి ఇయ్యనన్నడు.
కుట్టుమిషనామె పది రూపాయలు ఎక్కువిచ్చి
ఏమీ అనకుండ పోయింది.

కొల్లాపూర్ బస్టాండు ఎనక దస్తగిరి దుకాణం.
పంకాను వేలి మీద తిప్పి
'రూపాయి బిళ్లంత ఇత్తడి ఏట్ల ఇడిసొచ్చినవ్' అన్నడు.
గ్యాసు మంటకు రెక్క ముందు నల్లబడ్డది,
తర్వాత పండుమిరపకాయ.
అప్పుడు చెక్క సుత్తె,
ఈనిన బర్రె వీపు నిమిరినట్టు.
మడత ఇప్పుకున్నది.
లేని కొసకు కడ్డీ కరిగించి బొట్టు బొట్టు పేర్చిండు.
నేను దగ్గు ఆపుకొని నిలబడ్డ.

అయిపోయిందనుకున్న. కాలేదు.
రెండు ఇటుకల నడుమ చువ్వ పెట్టి
పంకా ఎక్కించి ఇడిసిండు.
తిరిగి తిరిగి అతికిన రెక్కే కిందికొచ్చి ఆగింది.
ఆకురాయి అందుకున్నడు.
రుద్దుడు, ఇడుసుడు, మళ్ల రుద్దుడు.
అచ్చంపేట ఆఖరు బస్సు పోయింది.
పదకొండోసారికి
యాడ ఇడిస్తే ఆడనే నిలబడ్డది.
ఏ రెక్కా నేనే బరువనలేదు.

'కొత్తదొకటి జోడు పెట్టుకో, మద్దిలేటీ' అన్నడు.
మా నాయిన బతికుంటే తిట్టెటోడు.
రెండో తెడ్డు గూడ పెట్టుకోనియ్యలేదు ఎన్నడు:
'ఉన్నదని తెలిస్తే ఏరు అడుగుతది.'
నాకూ భయమే.
అయినా చీటి ఎత్తి పట్నం నుంచి తెప్పించిన.
నాలుగు వేల రెండొందలు.
సవారమ్మకు మూడు వేలని చెప్పిన.

బిగించింది మాత్రం అతుకులదాన్నే.
దానికి దిమ్మె తెలుసు.
కొత్తదానికి గ్రీజు పూసి, యూరియా సంచిల చుట్టి,
ముందు పీట కింద, పానా పక్కన పడుకోబెట్టిన.
అమాస అమాసకు ఇప్పి
చిలుం పట్టకుండ చింతపండుతో తోమి
మళ్ల గ్రీజు.
నా బిడ్డ దానికి పేరు పెట్టింది, చిన్నమ్మ అని.
సవారమ్మ నవ్వలేదు.

రెండేండ్లు అది నీళ్ల మొగం చూడలేదు.
మొన్న ముసురుల, దీపాలు పెట్టే యాళ్లకు
ఈదన్న పడవ గాలికి అడ్డం తిరుగుతున్నది.
రేవు పాట కాడ కొట్లాడినంక
మా ఇద్దరికి మాటల్లేవ్.
ఆయనది నాది ఒకటే సైజు షాఫ్టు.
పడవను పడవకానించి
సంచి ఇప్పి చేతికిచ్చిన.
టార్చి నేనే పట్టిన.
చీల కొట్టినంక
'ఎంత?' అన్నడు, పంకా దిక్కే చూసుకుంట.
నా నోట్లెకెల్లి మూడు వేలనే వచ్చింది.
రెండేండ్లు చెప్పిన ధర గద, అదే నిజమైనట్టుంది.

ఆ పైసలు ఇంక రాలేదు.
మాటలు మాత్రం వచ్చినయ్: మబ్బు, గాలి, డీజిలు రేటు.

పీట కింద ఉత్త సంచి.
గిర్ని మీదికి రాంగనే మోటరు తగ్గిస్త,
అడుగున నాయిన సద్ది మూట ఇప్పుతున్నడనుకొని.
చెయ్యి దానంతటదే పీట కిందికి పోతది.
గ్రీజు అంటుకొని వస్తది.