రిపేరు కూలి

నాలుగు కాళ్ల మండపం దాటినాక
చెప్పులంగడికీ జెరాక్సంగడికీ నడుమ
నా అంగడి వెడల్పు మూడున్నర అడుగులు.
ఇద్దరు గిరాకీలొస్తే ఒకరు ఎండలో నిలబడాల.

చెంగల్రాయులు ఒక్కడే వచ్చినా
ఎండలోనే నిలబడినాడు.
తువ్వాల్లో చుట్టి తెచ్చినాడు,
పశువులాస్పత్రికి కోడిపిల్లను తెచ్చినట్టు.
"ఆన్ కాలేదు పాపా."
"ఎప్పటిదాకా అయ్యింది?"
"మొన్న... అంటే, మొన్నటేడుకు ముందు ఏడు."

బ్యాటరీ కొత్తదే, తానే కొన్నాడంట.
మీటరు పెడితే ఏడు పైన చూపించింది.
బొత్తాం నొక్కితే మటుకు
ఒక్క ఎర్ర చుక్కన్నా లేదు.
నల్ల తెర. దాంట్లో నా మొగం,
నా వెనక క్యాలెండరు.

"అవతల ఒకాయన కొంటానన్నాడు పాపా,
ఎలిగితే పదిహేను నూర్లు
ఎలగకపోతే ఇన్నూరు."

ఏడు స్క్రూలు.
అయిపోయిన జొరం మాత్రల రేకు గుంతల్లో
వరసగా పడుకోబెట్టినా.
వీపు విప్పినాక మొదట ఫ్లాష్ కెపాసిటరు.
దాని కడుపులో కోపం మిగిలుంటే
మోచెయ్యి దాకా తంతాది.
స్క్రూడ్రైవరు ఆనిస్తే మినుకన్నా రాలేదు.
పాపం, కోపం గూడా అయిపోయినాది.

ఫ్యూజు చూస్తి. బీప్ అనింది.
రిబ్బన్లు చూస్తి. ఊడలేదు.

వాణియంబాడిలో సుక్కూర్ సాయబు కాడ
రెండేండ్లు సోల్డరు పొగ మింగినదాన్ని.
ఆయన చెప్పేది ఒకటే:
"సచ్చిందనే ముందర
తలుపేసుండాదా లేదా చూడు బేటీ."

బ్యాటరీ తలుపు కింద
ఆవగింజంత మీట ఉంటాది.
అది నొక్కుకుంటేనే తలుపు పడిందని లెక్క.
తలుపు బార్లా ఉండాదనుకోని
ఇన్నేండ్లూ దీపం పెట్టలేదిది.

మీట చుట్టూ పచ్చగా, గట్టిగా ఏందో.
తుప్పు కాదు. తుప్పైతే ఇంకోరకం పచ్చన.
సూదితో గీరితే పొడి రాలింది.
వాసన చూస్తి.
గంధం.

చెంగల్రాయులు తన వేళ్లకల్లా చూసుకున్నాడు.

అలిపిరి మెట్ల కాడ పన్నెండేండ్లు.
గుండు కొట్టించుకోని దిగిన పిల్లోళ్లను
"ఇట్ల, నా పక్క సూడు నాయనా" అని
తడి గంధం ఆరని తలలను
రెండు వేళ్లతో తిప్పిన చెయ్యి.
అదే చెయ్యి రోజుకు నాలుగు మాట్లు
ఈ తలుపు తీసి బ్యాటరీ మార్చింది.

"ఎన్ని తలలుంటాయన్నా?"
"ఆదివారమైతే అరవై. గరుడసేవకు లెక్కెవురు పెట్టినారు?
ఫోటో యాభై. నిమిషంలో చేతిలో పెడతా ఉంటి."
కొంచేపాగి
"తర్వాత వాళ్ల ఫోన్లే నా చేతికిచ్చినారు,
అన్నా, ఒకటి తియ్యి అని.
తీసినా."

స్పిరిట్లో దూది ముంచి తుడిస్తా ఉంటే
అంగడంతా గంధం వాసన, సోల్డరు మీద పరుచుకోని.
చెప్పులాయన మునిరత్నం తొంగి చూసినాడు
"ఏం పాపా, ఈ పొద్దు ఏం పూజ?"

తలుపేస్తి. టక్కుమనింది.
బొత్తాం నొక్కితే
తాబేలు తల మాదిరి లెన్సు బయటికొచ్చింది,
గుర్రుమంటా, నిద్ర చెడినట్టు.
తెర మీద మొదటి మాట:
తేదీ పెట్టమని.
ఒకటో తారీకు, జనవరి, రెండువేల పది.
సున్నా గంటలు. మినుక్కు, మినుక్కు.

"ఏం తేదీ పెట్టేదన్నా?"

ఆయన జవాబియ్యలేదు.
తువ్వాలుతో వేళ్లు తుడుచుకున్నాడు,
ఒకసారి, మళ్లీ ఇంకోసారి.
కెమెరా ఎత్తి కన్నానించినాడు.
ఎండలోంచి ఒక్కడుగు లోపలికి పెట్టి
"గడ్డం రవ్వంత ఎత్తు పాపా."

పండ్ల నడుమ స్క్రూడ్రైవరుతో
నేను పడినా ఆ ఫోటోలో.
కింద మూలన ఆ తేదీనే.
ఆ దినం నేను పీలేర్లో ఎనిమిదో తరగతి,
రెండు జడలు, రిబ్బన్లు.

"ఎంతీమంటావు?"
"నూటయాభై."

నూరు లెక్కబెట్టి బల్ల మీద పెట్టినాడు.
మిగతాదానికి నేను మొగం చూస్తే
నిమ్మళంగా అన్నాడు:
"ఫోటో యాభై కదా."