ఆయ్ అనకూడదంట

కుట్టుమిషను మీద దుప్పటి పరిచి
అవతల కూర్చుంది లిఖిత, ఆఫీసరమ్మలా.
జడ పైకి ముడేసింది. చెవి మీద పెన్ను.
"మీ పేరు?"
మావుళ్ళు.
"పాస్‌పోర్టులో ఉన్నట్టు చెప్పు."
ఆధార్‌లో ఒక ఎల్, రేషను కార్డులో రెండు,
పాస్‌పోర్టులో ఏదో ఉంది, నన్నెవరూ పిలవనిది.
ముగ్గురూ ఒక మనిషేనని
నరసాపురం నోటరీకి ఐదొందలిచ్చి రాయించాం.

"పెళ్ళయిందా?"
ఆయ్.
"అమ్మా, ఆయ్ అనకు. అవునండి అను.
వాళ్ళ భాషలో ఆయ్ అంటే నేను అని."

"ఆయన్ని మొదట ఎక్కడ చూశారు?"
మాధవాయిపాలెం రేవులో, పంటు మీద.
పాటు వేళ. నడి గోదాట్లో ఇసుకలో దిగబడి
రెండు గంటలు కదల్లేదు.
నేను లేసు మూట మీద కూర్చున్నాను.
ఉడకేసిన వేరుశనక్కాయల పొట్లం చాపాడు
నా వైపు చూడకుండా.
"పాటు అంటే వాళ్ళకి తెలీదు. బోటు చెడిపోయిందని చెప్పు."
చెడిపోలేదే.
నీళ్ళు తీశాయి, మళ్ళీ వచ్చాయి, అంతే.

"పెళ్ళి ఫోటోలు పదకొండేనా?"
రిజిస్ట్రారు ఆఫీసు ఫ్యాను కింద
దండలు ఎగరకుండా పట్టుకున్నవి నాలుగు,
హోటల్లో మసాలా దోసె ముందు రెండు,
మిగిలినవన్నీ ఫోను తెర మీద ఆయన ముఖం,
హ్యూస్టన్ రొయ్యల గోదాములో, తలకి ప్లాస్టిక్ టోపీ.
రెండో పెళ్ళికి ఎవర్ని పిలుస్తాం, ఎవరొస్తారు.
సాక్షి సంతకం లేసు ఏజెంటు పెట్టాడు,
ఆ పూట కూలి కోసుకున్నాడు.

నాలుగేళ్ళ ఫోను బిల్లులు దారంతో కట్టాం.
ఆయన ఏ నెలలో దగ్గుతాడో నాకు తెలుసు,
అది ఏ కాయితంలో ఉంటది?
మధ్యలో ఏడాది ఖాళీ కనపడుతోందన్నాడు వకీలు.
లేసులో ఖాళీని కూడా అల్లాలండి, అన్నాను.
నవ్వి, ఇంకో ఫారం ఇచ్చాడు.

వేలిముద్రలది ఇంకో గొడవ.
తొమ్మిదో ఏట పట్టుకున్న క్రోషియా సూది
చూపుడువేలి గీతల్ని ఎప్పుడో అల్లేసుకుపోయింది.
రేషను డిపోలో మిషను నన్ను గుర్తుపట్టదు.
తుడిచి, ఊది, మూడోసారి నొక్కితే
సరే పొమ్మంటది.
ముంబైలో ఎన్నిసార్లు ఊదనిస్తారో.

"మీ మొదటి భర్త..."
ఆగింది.
కాయితం తిప్పింది. మళ్ళీ ఇటు తిప్పింది.
"మీ మొదటి భర్త ఎలా చనిపోయారు?"
అంతర్వేది పల్లిపాలెం నుంచి వేటకెళ్ళి. తుఫానులో.
"తేదీ?"
కోర్టు రాసింది ఒకటుంది.
ఏడేళ్ళు చూశాక, ఇక రాడని
నా చేత ఒప్పించిన తేదీ.
"అదే చెప్పు."
అలాగేనండి.
"పడవ దొరికిందా?"
ఒక చెక్క. నీలం రంగుది.
"ఆ రోజు అన్నం తినెళ్ళాడా?"

లిస్టు వంక చూశాను.
ఇది అందులో లేదు.
చెవి మీది పెన్ను తీసి పట్టుకునుంది,
రాయడానికో, ఊరికేనో.
అప్పటికి దానికి మూడేళ్ళు.

తిన్నాడు, అన్నాను.
చద్దన్నం, ఎండురొయ్యలు, ఉల్లిపాయ.
నీ పళ్ళెంలో నువ్వొదిలేసింది కూడా తిన్నాడు.
"నాది కూడానా?"
ఆఖరి మెతుకు దాకా.

రాసుకుంది. ఫైల్లో పెట్టే కాయితం మీద కాదు,
అరచేతిలో.

రేపు మధ్యాహ్నం బండి.
ఎక్స్‌రేలు వేరే సంచీలో, మడత పడకుండా.
దాని పాస్‌పోర్టు నా దాంట్లో దూర్చి రబ్బరు వేశాను,
అక్కడ ఇద్దరం ఒకే కిటికీ ముందు నిలబడాలంట.

అంతలో కరెంటు పోయింది.
కాలవలోకి పోటు ఎక్కుతున్న చప్పుడు.
చీకట్లోంచి ఆఫీసరమ్మ గొంతు, కాస్త జలుబు చేసినట్టు:
"అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేస్తారా?"
కనపడదని తెలిసీ కుడిచెయ్యెత్తాను.
ఆయ్, అన్నాను.

ఈసారి దిద్దలేదు.