ముప్పై ఎనిమిది ఓములు

జమ్మికుంట గేటు పడ్డప్పుడల్లా
మా దుకాణం ముందర పత్తి బండ్లు ఆగుతయి.
వార్నిష్ వాసనకు దూది పోగులొచ్చి
తడి చుట్టలకు అతుక్కుంటయి.
ఓదెలు ఉస్తాద్ చిమ్టాతోని ఒక్కొక్కటే ఏరుకుంట
నా మీద కసురుతడు:
'రాగికి అంగీ తొడిగినవా బిడ్డా?'

ఐటీఐ సర్టిఫికెట్ మీద సిరా ఆరలే గద,
సూత్రం తెలుసని నాకు గర్వం.
వోల్టును ఆంపుతోని భాగిస్తే ఓము.
గుణిస్తే వాటు.
ఒకపొద్దు కరెంటు లేని యాళ్ల
టెస్టింగ్ బోర్డు మీది వంద బుగ్గను ఊడదీసి
మీటరు ముండ్లు ఆనిచ్చిన.
ముప్పై ఎనిమిది.
రెండువందల ముప్పైకి లెక్కగడితే
ఆరు ఆంపులు,
పద్నాలుగు వందలకు ఎనిమిది తక్కువ వాట్లు,
వంద అని రాసున్న బుగ్గకు!
'కంపెనోడు దొంగ' అన్న.
ఉస్తాద్ నవ్వలే. బీడీ ఆర్పిండు.
కరెంటు వచ్చేదాక ఆగుమన్నడు.

మూడింటికి వచ్చింది.
వోల్టు రెండువందల ఇరవై రెండు,
ఆంపు సున్నా పాయింటు నలభై రెండు.
గుణకారం చేస్తే తొంభై మూడు వాట్లు, సరే.
భాగారం చేస్తే
ఐదువందల ఇరవై ఎనిమిది ఓములు.
అదే తీగ. అదే గాజు.
పద్నాలుగింతలు యాడికెల్లి వచ్చిందని
ముండ్లు మళ్ల ఆనియ్యబోతే చెయ్యి మీద కొట్టిండు.
'వెలిగేదాన్ని ఓము అడగరాదు, మీటరు పేలుతది.
దాని మీద ఎంత పడ్డది, దాంట్లకెల్లి ఎంత పారింది,
గవి రెండు చూసి నువ్వే తెలుసుకోవాలె.'

అటెన్క నాలుగొద్దులకు
మానేరు అవతలికెల్లి రాజవ్వ వచ్చింది.
ట్రాలీ ఆటోల ఐదు హెచ్‌పీ మోటరు,
ఈ యాసంగిల మూడోసారి.
ఆమె మాట్లాడితే గేటు కాడి హారన్లే ఇనవడతయి.
విప్పితే చుట్టలన్నీ నలుపు, మాడిన పప్పు వాసన.

బిల్లు బుక్కు ఎనుక రాసి చూపిచ్చిన.
నాలుగువందల పదిహేను వోల్టులుంటే
నీ మోటరు ఏడున్నర గుంజుతది అవ్వా.
లైను కొసకు మూడువందల ముప్పై ఎనిమిదే వస్తే
అన్నే నీళ్లకు తొమ్మిది దాటి గుంజాలె.
బుగ్గయితే గుడ్డిగ వెలిగి ఊకుంటది.
మోటరుకు ఊకునుడు రాదు.
గా ఎచ్చు ఆంపే చుట్టను కాలుస్తది.

ఏమన్న అంటదేమో అనుకున్న.
అంకెల మీద వేలు జరుపుకుంట పోయి
ఆఖరుకు అడిగింది:
'గా డబ్బ కిరాయికిస్తవా?'

ఉస్తాద్ డబ్బతోని నన్ను గూడ ఇచ్చి పంపిండు.

సబ్‌స్టేషన్ల ఏఈ సారు లోడు అన్నడు,
లిస్టు అన్నడు, పైకి రాసిన అన్నడు,
సోమవారం అన్నడు, గొంతు పెంచిండు.
రాజవ్వ పోయి ఆయన మోటర్‌సైకిల్ సీటు మీద
ఎడ్డంగ కూసుంది.
లైన్‌మన్ దిగుమన్నడు. దిగలే.
ఎవరో పోలీసు పేరు తీసిండ్రు.
చెంగులకెల్లి పల్లీలు తీసి నాకిన్ని పెట్టింది.
'మూడంకెలు నాకే సదువొచ్చినయి సారూ.
నువ్వు ఒక్కసారి వచ్చి సదువు.'

పొద్దుగూకేటప్పుడు వచ్చిండు, అదే బండి మీద,
ఎనుక ఆమెను ఎక్కిచ్చుకొని.
చుట్టూతల మోటర్లన్నీ నడుస్తున్నయి.
స్టార్టరు డబ్బల ముండ్లు పెట్టిన.
మూడువందల నలభై ఒకటి.
సారు కంటే ముందే ఆమె సదివింది.

ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా రాలే.
సారు సంతకం పెట్టిన కాగితం
ఇప్పుడు ఏ బల్ల కింద ఉన్నదో.
ఇరవై రూపాల కిరాయి మాత్రం
తెల్లారే పంపింది.

అది రాద్దామని బుక్కు తీస్తే
ఆమె మోటరు తెచ్చిన తొలిపొద్దు
పేరు పక్కన నేను రాసుకున్నది కనవడ్డది:
'మెత్తటి మనిషి. అడిగినంత ఇస్తది.'
ఎప్పటి కొలతనో అది.
కొట్టేసిన. కింద ఏం రాయాల్నో తోచలే.
తలకాయ మీద వంద బుగ్గ
కరెంటు కోసం చూస్తున్నది.